అర మిల్లీమీటరు అవమానం

మన పూర్వికులు పళ్ళను నమలడానికి వాడేవారు. రాయడానికి సిగ్గుగానే ఉంది కానీ చరిత్రను దాచిపెట్టి లాభం లేదు. చెరకు గడను గణుపు దగ్గర పంటితో చీల్చేవారు. వక్క పటుక్కున కొరికేవారు. సంక్రాంతికి వండిన జంతికలూ సకినాలూ డబ్బాలో అడుగంటే దాకా కరకరలాడించేవారు. బొమికలో మూలుగ దొరికే వరకు వదిలేవారు కారు. రవిక కుట్టడం అయ్యాక కత్తెర వెతకడానికి బద్ధకించి దారాన్ని పంటితోనే తెంచేవారు. ఇంత చాకిరీ చేసిపెట్టిన పళ్ళు చూడటానికి ఎలా ఉన్నాయో ఒక్కనాడైనా అద్దం ముందు నిలబడి సమీక్షించుకున్న పాపాన పోలేదు. వేపపుల్లో, ఉప్పో, కచ్చిక బూడిదో పట్టుకుని తోమడం, నాలుగుసార్లు పుక్కిలించి ఉమ్మడం. వారి దంతసంరక్షణ అంతటితో సరి. పంటిరంగు పూత అతికించి సందులూ మూలలూ దిద్దే బాండింగ్ అన్న మాటే వారెరుగరు.

ఇంతకన్నా ఘోరం మరొకటి ఉంది. పై వరుసలో ముందుపళ్ళు రెండింటి మధ్య సందు కనిపిస్తే అది అదృష్టమని చాటింపు వేశారు. పిల్ల నవ్వగానే ఆ సందు చూసి, ‘ఇది అడుగుపెట్టిన ఇల్లు కలిసొస్తుంది’ అని అమ్మమ్మలు మెటికలు విరిచారు. తక్షణం చికిత్స అందించాల్సిన లోపాన్ని పట్టుకుని శుభలక్షణం కింద జమకట్టారు. కోరపన్ను ఒకటి వరుస తప్పి ముందుకొస్తే నవ్వుకే అందం వచ్చిందన్నారు. కావ్యాల్లో కుందరదనలకు కొదవ లేదన్నది నిజమే కానీ, ఆ మల్లెమొగ్గల మధ్య ఎడం ఎంత, ఏ మొగ్గ చివర ఎంత అరిగింది అన్న సాంకేతిక వివరాలు ఏ కవీ ఇవ్వలేదు. కొలతలు లేని వర్ణనతో ఏ క్లినిక్ వారు మాత్రం అంచనా తయారుచేయగలరు?

ఆ లోటు ఫోను తీర్చింది. మూరెడు దూరం నుంచి ముందు కెమెరా మనిషి ముఖాన్ని తీసినప్పుడు దగ్గరగా ఉన్న ముక్కూ నోరూ ఉన్నదానికన్నా పెద్దవిగా కనిపిస్తాయని తెలిసినవాళ్ళు చెబుతారు. అద్దంలో కుడి ఎడమలు తారుమారవుతాయి కనుక ముప్ఫై ఏళ్ళుగా ఎడమకు ఒరిగి ఉందనుకున్న పన్ను ఫొటోలో ఉన్నట్టుండి కుడికి ఒరుగుతుంది. ఇవన్నీ కుంటిసాకులు. కెమెరా అబద్ధం చెప్పదు. పైగా ఇప్పుడు కొలువులన్నీ వీడియో సమావేశాలమయం. వెనకటికి సమావేశమంటే ఎదుటివాళ్ళ ముఖాలు భరించడమే. ఇప్పుడు రోజుకు నాలుగు గంటలు తెర మూల చిన్న గడిలో సొంత ముఖాన్నే చూస్తూ కూర్చోవాలి. త్రైమాసిక లెక్కలు ఎవరో చదువుతుంటారు. చూపు మాత్రం ఆ గడి మీదే. అలా ఒకరోజు ఫొటోను రెండు వేళ్ళతో సాగదీసి చూస్తే బయటపడుతుంది: ఎడమ ముందుపన్ను మూల అర మిల్లీమీటరు అరిగి ఉంది. ఇన్నేళ్ళూ ఆ పన్నుతోనే నవ్వామా? పెళ్ళిలో కూడానా? ఇక ఆ రాత్రి నిద్ర ఎలా పడుతుంది?

మామూలుగా లోకంలో రోగం ముందు వస్తుంది, మందు దాని వెంట వస్తుంది. ఇక్కడ మందే ముందు వచ్చి, వసారాలో కూర్చుని, రోగం ఎప్పుడొస్తుందా అని ఓపిగ్గా ఎదురుచూసింది. 1955లో అమెరికాలోని రోచెస్టర్ నగరంలో మైకేల్ బునొకోర్ అనే దంతవైద్యుడికి ఒక ఆలోచన వచ్చింది. లోహం మీద రంగు గట్టిగా పట్టడానికి కర్మాగారాల్లో ముందు ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తున్నారు కదా, పంటికి పూస్తే ఏమవుతుంది? సున్నం వేసే ముందు గోడ గీకినట్టు, ఆమ్లం పంటి పైపొర అయిన ఎనామెల్‌ను కంటికి కనిపించనంత సన్నగా గరుకు చేసింది. రెజిన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థం దాని మీద పట్టుకుని కూర్చుంది. ఆ తరువాత రాఫెల్ బోవెన్ ఇప్పటి పంటిరంగు పూతలకు మూలమైన రెజిన్‌ను తయారుచేసి 1962లో పేటెంటు పొందాడు. పుచ్చిన పళ్ళు పూడ్చడానికి, విరిగిన పళ్ళు నిలబెట్టడానికి పనికొస్తుందని వాళ్ళు ఇంత శ్రమపడ్డారు. పాపం, అంతకు మించిన ముందుచూపు వారికి లేదు.

ముందుచూపు ఉన్నవాడు వాళ్ళకన్నా ముందే హాలీవుడ్‌లో ఉన్నాడు. ఛార్లెస్ పింకస్ అనే పంటి డాక్టరు 1930ల నాటికే సినిమా నటుల పళ్ళ మీద సన్నని తొడుగులు అతికించి పంపేవాడు. షూటింగు జరిగినంత సేపే అవి ఉండేవి. నటులు కెమెరా ముందు పెట్టుకుని, భోజనం ముందు తీసేసేవారు. మనకు ఆ వెసులుబాటు లేదు. పొద్దున లేచింది మొదలు కెమెరా ముందే ఉంటున్నాం, భోజనాన్ని కూడా ఫొటో తీశాకే తింటున్నాం. కనుక మన పళ్ళకు శాశ్వత ఏర్పాటు కావలసి వచ్చింది. అదే బాండింగ్.

దీన్ని తేలికగా మాట్లాడేవారు ఒకసారి ఆ కుర్చీలో పడుకుని చూడాలి. మొదటి ఘట్టం రంగు నిర్ణయం. డాక్టరమ్మ ఒక పలక తెస్తుంది. దాని మీద 16 పింగాణీ పళ్ళు వరుసగా గుచ్చి ఉంటాయి, ఏ1 నుంచి డి4 దాకా. ఏ అంటే ఎరుపు కలిసిన గోధుమ ఛాయ, బి అంటే పసుపు వైపు మొగ్గేది, సి బూడిద రంగు, డి ఎరుపూ బూడిదా కలిసింది. నోరు తెరిచి ఉంచితే పళ్ళు ఆరిపోయి ఉన్నదానికన్నా తెల్లగా కనిపిస్తాయి కాబట్టి తడి ఆరకముందే, కిటికీ వెలుగులో, ఒక్కో పింగాణీ పన్నును పెదవి దగ్గర పెట్టి చూసి తీర్పు చెబుతుంది. తీర్పు: ఏ3.

మన రాష్ట్రాల్లో పదో తరగతి గ్రేడ్లతో పెరిగిన తరానికి ఈ మాట ఎలా తగులుతుందో డాక్టర్లు ఆలోచించినట్టు లేదు. అన్ని సబ్జెక్టుల్లో ఏ1 తెచ్చుకుని, వీధి చివర ట్యూషన్ సెంటరు ఫ్లెక్సీ మీద ఫొటో వేయించుకున్న అమ్మాయికి పళ్ళలో ఏ3! ఇంట్లో ఎలా చెప్పుకుంటుంది? తల్లి అయితే, ‘ఇంకొకసారి సరిగ్గా చూడండి మేడమ్’ అని రీవాల్యుయేషన్ అడుగుతుంది. ఏ1 కన్నా పైన ఇంకా తెల్లని ఛాయలు ఉన్నాయని, అవి ప్రకృతి సాధారణంగా ఎవరికీ ఇవ్వదని, సామానులోనే దొరుకుతాయని తెలిశాక తల్లీకూతుళ్ళ ముఖాలు కాస్త విప్పారతాయి. డబ్బు కట్టి తెచ్చుకునే సీటు మనకు కొత్త కాదు.

తరువాత నీలంరంగు ఆమ్లపు జిగురు పంటి మీద పూసి, ఇరవై ముప్ఫై సెకన్లు ఆగి, నీళ్ళతో కడుగుతారు. ఆ చోటు సుద్దముక్కలా మెరుపు పోయి తెల్లబడుతుంది. పక్క పన్నుతో అతుక్కోకుండా మధ్యలో పలుచని పట్టీ దూర్చి, బ్రష్షుతో అంటు ద్రవం పూసి, పిండిలాంటి రెజిన్‌ను బియ్యపుగింజంత తీసుకుని సన్నని గరిటెతో దిద్దుతారు. నారింజ రంగు రేకు అడ్డం పెట్టుకుని నీలి కాంతి కొడితే ఇరవై సెకన్లలో అది గట్టిపడుతుంది. రెండు మిల్లీమీటర్లకు మించి ఒకేసారి పెడితే లోపల పచ్చిగా ఉండిపోతుంది కనుక పొర మీద పొర వేయాలి. మన అర మిల్లీమీటరు సంక్షోభానికి సాధారణంగా ఒక్క పొర సరిపోతుందన్న సంగతి మాత్రం వారు మర్యాదగా ప్రస్తావించరు. చివర గరుకు నుంచి నునుపుకు వరుసగా బిళ్ళలు మార్చి మెరుగు పెడతారు. ఇంజక్షను అక్కర్లేదు, చాలాసార్లు పన్నును అరగదీసే పనీ ఉండదు, గంటలోపు అయిపోతుంది. అద్దం చేతికిస్తారు. చూసుకుంటే, నిజం చెప్పాలంటే, చాలా బాగుంటుంది. పనితనంలో వంక పెట్టడానికి లేదు. ఎటొచ్చీ, చికిత్సకు ముందు ఎలా ఉండేదో గుర్తు చేసుకోవడమే కష్టం.

ఈ రంగంలో విద్రోహులు లేకపోలేదు. సందుల్లో, మందుల దుకాణం పైఅంతస్తులో, పాత రెక్సిన్ కుర్చీతో కాలక్షేపం చేసే డాక్టర్లు కొందరున్నారు. అలాంటి ఒకాయన దగ్గరకు పొరపాటున వెళ్ళిన ఒక అమ్మాయికి జరిగిన పరాభవం వినండి.

“నొప్పిగా ఉందా అమ్మా?”

“లేదండీ.”

“చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటోందా?”

“లేదండీ.”

“నమలడానికి ఏమైనా ఇబ్బందా?”

“అదేం లేదండీ. సందు ఉంది డాక్టరు గారూ.”

ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, లైటు దగ్గరకు లాగి, అద్దం పెట్టి చూసి, “ఎక్కడ?” అని అడిగాడట.

అడగడమే కాదు, కింది పళ్ళ లోపలివైపు గార పట్టింది తీయించుకో, చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది అది చూసుకో, ముందుపళ్ళ జోలికి పోకు, దేవుడు చక్కగా ఇచ్చాడు అని హితవు చెప్పి, గార తీసినందుకు మాత్రమే డబ్బులు తీసుకుని పంపించాడు. ఇలాంటివారి వల్ల ఒక పరిశ్రమ ఎలా బతుకుతుంది? ఆ అమ్మాయి ధైర్యవంతురాలు కనుక అక్కడి నుంచి నేరుగా మరో క్లినిక్‌కు వెళ్ళింది. అక్కడ గోడ మీద నుంచి నీళ్ళు జారుతుంటాయి, సన్నాయి మెల్లగా వినిపిస్తుంది, రిసెప్షనులో కూర్చున్న అమ్మాయికే సందు కనిపించింది. ఇంతకీ ఆ ముసలి డాక్టరు చేసే బాండింగ్ ఏమిటయ్యా అంటే, సైకిలు మీద నుంచి పడి ముందుపన్ను సగం విరగ్గొట్టుకుని ఏడుస్తూ వచ్చిన పిల్లవాడికి ఓపిగ్గా మిగతా సగం కట్టి పంపడం. అమూల్యమైన సామగ్రిని మరీ పన్ను విరిగినవాళ్ళ మీద ఖర్చు పెడుతున్నాడు.

విద్రోహం పరిశోధకుల్లోనూ ఉంది. 1999లో అమెరికాలో విన్సెంట్ కోకిచ్ బృందం నవ్వు ఫొటోలను కంప్యూటర్లో కొద్దికొద్దిగా మార్చి, పళ్ళ వరుస సరిచేసే నిపుణులకు, మామూలు పంటి డాక్టర్లకు, మామూలు జనానికి చూపించింది. పై పళ్ళ మధ్యగీత ఏకంగా 4 మిల్లీమీటర్లు పక్కకు జరిగినా జనం పోల్చుకోలేదు. మామూలు డాక్టర్లూ పోల్చుకోలేదు. వరుసలు సరిచేసే నిపుణుల కంటికి మాత్రమే అది ఆనింది. నాలుగు మిల్లీమీటర్లంటే కందిగింజంత. పంటి కింద కందిగింజంత రాయి పడితే ఇల్లు పీకి పందిరి వేసే జనం, పళ్ళ గీత అంత జరిగితే చూడలేకపోయారట. దీన్నిబట్టి తేలేది ఒక్కటే, జనానికి చూడటం రాదు. వారికి చూడటం నేర్పే బాధ్యతను మెట్రో స్తంభాల మీది హోర్డింగులు స్వచ్ఛందంగా భుజాన వేసుకున్నాయి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఈ విషయంలో మనకన్నా చురుకు. అక్కడ ఒక్కో పన్నుకు వందల డాలర్లు, అందం కోసం చేయించుకుంటే బీమా సాధారణంగా చిల్లిగవ్వ ఇవ్వదు. కాబట్టి డిసెంబరు సెలవుల్లో హైదరాబాదు వచ్చినప్పుడు పట్టుచీరలు, ఆవకాయ, పళ్ళు, మూడూ ఒకే ప్రయాణంలో చక్కబెట్టుకుంటారు. వీటిలో రెండో దానికీ మూడో దానికీ బొత్తిగా పొసగదన్న సంగతి విమానం ఎక్కాక కానీ తెలియదు.

ఎందుకంటే రెజిన్‌కు తెలుగు వంట పడదు. పంటి ఎనామెల్ కన్నా అది తొందరగా రంగు పీల్చుకుంటుంది. మొదటి రెండు రోజులూ కాఫీ, టీ, పసుపు వేసిన పదార్థాలు తాకవద్దని చెబుతారు. పసుపు వేయని పదార్థాలు ఏమిటని మనిషి ఇంటికొచ్చి వంటింట్లో వెతుకుతాడు. పప్పులో పసుపు, పులుసులో పసుపు, పులిహోర సంగతి చెప్పనే అక్కర్లేదు. తెల్లన్నం, పెరుగు, ఉప్పు. ఒక పంటి మూల కోసం మనిషి పథ్యం పట్టి విరాగిలా కనిపిస్తుంటాడు. ఆ రెండు రోజులు గడిచాక కూడా జాబితా ముగియదు. ముందుపళ్ళతో చెరకు కొరకరాదు, జామకాయ కొరకరాదు, నల్లి బొమిక దరిచేరనివ్వరాదు, వక్క అసలే వద్దు, గోళ్ళు కొరకరాదు, సోడా మూత పంటితో తీయరాదు, పెన్ను మూత నోట్లో పెట్టుకోరాదు. మొత్తం మీద, పన్నును పన్నులా వాడరాదు.

పెళ్ళికూతుళ్ళ విషయంలో ఇది మరీ క్లిష్టం. ముహూర్తానికి వారం ముందు బాండింగ్ చేయించుకుంటారు. ఆ వారంలోనే మంగళస్నానాలు, పసుపు కొట్టడం, నలుగు, ఒళ్ళంతా పసుపు. ఏడుగురు ముత్తయిదువలు చుట్టూ చేరి పసుపు పూస్తుంటే వధువు పెదవులు రెండూ గట్టిగా బిగించి కూర్చుంటుంది. పుట్టిల్లు వదిలిపోతున్నానన్న దిగులని బంధువులు కళ్ళొత్తుకుంటారు. ఇంత కష్టపడి కాపాడుకున్న పళ్ళతో పెళ్ళయ్యాక వీసాకు వెళితే, అక్కడ ఫొటోలో నోరు మూసుకుని కూర్చోమంటారు.

మరొక చిక్కు. కొన్నేళ్ళకు పళ్ళు పసుపెక్కాయని తెల్లబరిచే మందు పెట్టించుకుంటే సొంత పళ్ళు తెల్లబడతాయి, రెజిన్ మాత్రం తన రంగులో తాను నిక్షేపంగా ఉంటుంది. అప్పటిదాకా ఎవరికీ కనిపించని మూల అప్పుడు అందరికీ కనిపిస్తుంది. ఇక మొత్తం తీసి మళ్ళీ వేయాలి. ఎలాగూ ఐదు నుంచి ఏడేళ్ళలో అంచులు పెచ్చు లేచో, మెరుపు తగ్గో మళ్ళీ కుర్చీ ఎక్కక తప్పదు. అంటే పాతికేళ్ళకు మొదలుపెట్టిన మనిషి అరవై దాటేసరికి ఇదే పంటి మూలకు ఆరేడు సార్లు డబ్బు కట్టి ఉంటాడు. ఇంటి అప్పయినా ఇరవై ఏళ్ళకు తీరుతుంది.

ఇంత గంభీరమైన చర్చ జరుగుతుంటే మధ్యలో నల్లగొండ పేరు, కనిగిరి పేరు ఎత్తేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు సమయమూ సందర్భమూ తెలియవు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, కనిగిరి వైపు పల్లెల్లో నీటి ఫ్లోరైడ్ జనాన్ని ఎలా కుంగదీస్తోందో 1937లోనే షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు పత్రం రాసి పెట్టారు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని కట్టుబాటు. పళ్ళు ఇంకా దవడలో తయారవుతున్న వయసులో, అంటే ఎనిమిదేళ్ళ లోపు, అంతకు మించిన నీళ్ళు తాగిన పిల్లలకు కొత్త పన్ను చిగురు చీల్చుకుని వచ్చేటప్పుడే సుద్ద చారలతో, పోనుపోను గోధుమరంగు మచ్చలతో వస్తుంది. ఎంత తోమినా పోదు. ఆ పిల్లలకు ఫోను కెమెరా అక్కర్లేదు, రెండు వేళ్ళతో సాగదీయనూ అక్కర్లేదు. బడిలో పక్కవాడే చెబుతాడు. నవ్వొచ్చినప్పుడల్లా చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకునే ఆడపిల్లలు ఆ ఊళ్ళలో రెండు మూడు తరాలుగా ఉన్నారు. పళ్ళతో ఆగక ఎముకలు వంగిపోయినవారూ ఉన్నారు. నీళ్ళలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి శాస్త్రజ్ఞులు ‘నల్లగొండ టెక్నిక్’ అని ఆ ఊరి పేరే పెట్టారు. ఆఫ్రికా దేశాల దాకా ఆ పేరు వెళ్ళింది.

బాండింగ్ ఎవరికైనా నిజంగా అక్కరకొస్తుందంటే వాళ్ళకు వస్తుంది. కానీ వ్యాపార దృష్టితో చూస్తే వాళ్ళ పళ్ళు బొత్తిగా సహకరించవు. ఫ్లోరైడ్ పట్టిన ఎనామెల్ ఆమ్లానికి ఒక పట్టాన లొంగదు, ఎక్కువసేపు పూయాలి. ఒక మూల కాదు, వరుస వరుసంతా చేయాలి. వాళ్ళ ఊళ్ళో గోడ మీద నుంచి నీళ్ళు జారే క్లినిక్కూ లేదు. ఇన్ని అసౌకర్యాలు పెట్టుకుని మచ్చలు తెచ్చుకున్నవారి కోసం జూబ్లీహిల్స్ పాతిక కిలోమీటర్లయినా కదలాలని ఆశించడం న్యాయం కాదు.

కాబట్టి అత్యవసరమైన పనుల మీద దృష్టి పెడదాం. జీఎస్టీ నిబంధనల్లో వైద్యసేవలకు మినహాయింపు ఉంది కానీ, అందం కోసం చేసే శస్త్రచికిత్సకు లేదు. పుట్టుకతో వచ్చిన లోపాన్నో గాయాన్నో సరిచేస్తే మళ్ళీ ఉంది. ఆ లోపాల జాబితాలో పంటి సందును వెంటనే చేర్చాలి. తాతగారి పళ్ళ మధ్య ఉన్న సందే మనవరాలికి వచ్చిందని రుజువుగా ఇంటి గోడ మీది దండ వేసిన ఫొటోను అంగీకరించాలి. తాతగారు ఆ ఫొటోలో నవ్వకపోతే వీఆర్వో ధ్రువపత్రం చాలు.

చివరగా ఒక జాగ్రత్త. జపానులో ఒకప్పుడు పెళ్ళయిన స్త్రీలు పళ్ళు నల్లగా రంగేసుకునేవారు. 1870లో అక్కడి ప్రభుత్వం దొరల కుటుంబాలకు దాన్ని నిషేధించింది. అదే దేశంలో 2011 ప్రాంతంలో, చక్కటి పలువరుస ఉన్న అమ్మాయిలు టోక్యో క్లినిక్కులకు వెళ్ళి, కోరపళ్ళు వంకరగా ముందుకొచ్చినట్టు కనిపించడానికి డబ్బిచ్చి ముక్కలు అతికించుకున్నారు. వంకర పన్ను ముద్దొస్తుందని అక్కడ అభిప్రాయం. మన అమ్మమ్మల మాట టోక్యో దాకా ఎలా వెళ్ళిందో కానీ, అది తిరుగు విమానంలో ఇక్కడికి వచ్చే ప్రమాదం ఉంది. అందుచేత సందు పూడ్పించుకునే ముందు డాక్టరు చేత దాని వెడల్పు మిల్లీమీటర్లలో కొలిపించి, తేదీ వేయించి, సంతకం పెట్టించి, పొలం కాగితాలున్న బీరువాలోనే ఆ చీటీ కూడా భద్రం చేయండి. మళ్ళీ తెరిపించుకునే రోజున ఎంత తెరవమంటారని వాళ్ళు తప్పకుండా అడుగుతారు.